అంకుల్ గరాజ్‌లో ఆరు తూటాలు

అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా ఇంటి ఓనర్ శ్రీధర్ అంకుల్ రైఫిల్ తూటాలు గరాజ్‌లో సొంతంగా తయారు చేసుకుంటారు. ఒక ఆదివారం కుతూహలం ఆపుకోలేక పక్కన నిలబడ్డాను. ఆయన చిన్న త్రాసులో తుపాకిమందు తూస్తుంటే, నేను ఎదురుగా తెరిచి ఉన్న మాన్యువల్ చదివాను. ఒక్కో రకం మందుకు ఒక్కో పరిమితి ఉందట. కానీ ఆ పేజీలో ఉన్న మందు పేరు, డబ్బా మీది పేరు ఒకటి కావు! పెద్దాయనకు తప్పు చూపించడానికి మొహమాటపడ్డాను. ఆయన ఏడో తూటా అందుకున్నారు.

"అంకుల్... ఆ పేజీ వేరే మందుది."

ఆయన డబ్బా చూసి, పేజీ చూసి, కుర్చీలో కూలబడ్డారు. "ఈ మందు ఇంత వేస్తే ప్రెషర్‌కి రైఫిల్ నా మొహం మీదే పేలేదమ్మా!"

"నోట్లో నాలుక లేని పిల్ల అన్నారుగా!" అన్నారు తలుపు దగ్గర ఆంటీ.

ఆరు తూటాలూ విప్పేసి అంకుల్ నాకు దండం పెట్టారు. మొదటి తూటాకే గమనించానని ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.