పూలామె చెయ్యి పొట్టి

తొంభైల మధ్యలో నేను మద్రాసులో సైకాలజీ రెండో ఏడు చదువుతున్నాను. మొదట చూపూ వినికిడీ, తర్వాత జ్ఞాపకం, చివర భాష: మనసు కూడా మా పాఠ్యపుస్తకం వరసలోనే ఉంటుందని నమ్మిన రోజులు. ఆ ఏడే అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది.

ఆసుపత్రి నుంచి పెరంబూరు ఇంటికి తెచ్చాక నేను ఆమెను అధ్యాయాల వారీగా పరీక్షించాను. ఇత్తడి చెంబు చూపించి "ఇదేందిమా?" అని అడిగితే, ఎడమ చేత్తో అందుకుని నీళ్లు తాగేది. దువ్వెన ఇస్తే తల దువ్వుకునేది. అంటే చూస్తోంది, గుర్తుపడుతోంది, దాంతో ఏం చేయాలో తెలుసు. పేరు మాత్రం రాదు. పెదవులు కదిపి, కుదరక, కోపంగా మొహం తిప్పుకునేది. నేను నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ఏడవాల్సిన చోట రాసుకోవడం నాకప్పుడు సులువుగా ఉండేది.

మా నాయనకొక నియమం ఉంది. మావాళ్లు ఎన్నో తరాల కిందట వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. గడప బయట అరవం, గడప లోపల తెలుగు. ఇంట్లో పొరపాటున అరవం మాట్లాడితే, చెప్పులతో లోపలికి వచ్చినట్టు చూసేవాడు. ఆయన నియమానికి నా చదువు తోడైంది. మాతృభాషే అన్నిటికంటే లోతుగా ఉంటుంది గనుక ముందు అదే తిరిగి వస్తుందని, మధ్యలో ఇంకో భాష చొరబడితే అమ్మ తికమకపడుతుందని తేల్చాను. ఆ మాట పుస్తకంలో లేదు, నా సొంత తెలివి.

"అరవం ఆమె చెవిన పడగూడదు నాయనా. టీవీ గూడా వద్దు," అన్నాను.

"నేను చెప్పేదీ అదే గదా," అన్నాడాయన.

టీవీ తీగ పీకేశాం. పక్కింటి అరవావిడను వాకిట్లోంచే పంపేశాం. పూలామెను మెట్ల దగ్గరే ఆపి పూలు నేనే తీసుకునేదాన్ని. ఐదు వారాలు అమ్మ చుట్టూ తెలుగు తప్ప ఇంకేమీ లేదు. ఆమె ఒక్క మాట అనలేదు. మాటతోపాటు మనిషి కూడా పోయిందేమోనని నాకు భయం పట్టుకుంది. నాయనతో ఆ సంగతి అనలేదు.

ఒక పొద్దున నాయన డ్యూటీకి వెళ్లాక, వీధి తలుపు గడియ వేయడం మర్చిపోయి స్నానానికి వెళ్లాను. పూలామె నేరుగా హాల్లోకి, అమ్మ కుర్చీ దగ్గరికి వచ్చేసింది.

"ఎన్నమా, ఎత్తన ముళం?" ఎన్ని మూరలు కావాలమ్మా అని.

తడి జుట్టుతో పరుగున వచ్చేసరికి ఆమె మల్లెల దండను తన మోచేతి నుంచి వేలి కొస దాకా కొలుస్తోంది. అమ్మ ఎడమ చెయ్యి చాచింది. ఏళ్ల తరబడి రోజూ జరిగే పేచీయే అది: పూలామె చెయ్యి పొట్టిదని, మూర తన చేతిమీదే కొలవాలని అమ్మ పట్టు. కుడి చేతికి బదులు ఎడమది వచ్చింది, అంతే.

"ఉన్ కై కుట్టై," అంది అమ్మ. నీ చెయ్యి పొట్టి అని. నాలుక కాస్త మందంగా తిరిగింది గానీ మాట మాటే.

పూలామె ఆశ్చర్యపడలేదు. రోజూ వినే మాటే కదా. అమ్మ చేతిమీద కొలిచి, వేలెడు ఎక్కువ వేసి వెళ్లిపోయింది.

చదవేస్తే ఉన్న మతి పోయిందట. మాట ఏ దారిన రావాలని చూస్తోందో ఆ దారికే నేను గడియ పెట్టాను. సిగ్గేసింది. ఆ మొదటి మాట నాతో అనలేదని ఈర్ష్య కూడా వేసింది.

సాయంత్రం నాయనను వాకిట్లోనే ఆపి చెప్పాను. ఆయన చెప్పులు విడవకుండానే అడిగాడు.

"తెలుగు రాలేదా?"

"ఇంకా రాలే నాయనా. అరవం ఉండాది."

తెలుగు ఆ తర్వాత కొంచెం కొంచెంగా, నెలల మీద వచ్చింది. ఆ సాయంత్రం అది మాకు తెలియదు. నాయన కాళ్లు కడుక్కుని, గడప దాటి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"సాప్టియా?" అన్నాడు, తిన్నావా అని. ఆ గడప లోపల ఆయన నోట అరవం వినడం నాకు అదే మొదలు.

అమ్మ ఆయనను తేరిపార చూసింది.

"సాప్టేన్. నీంగ?" తిన్నాను, మరి మీరు అని.