వెనక రెండు కొత్తవి, ముందు రెండు పాతవి

2022వ సంవత్సరం. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద నేను టైర్ల అంగడి పెట్టి అప్పటికి ఇరవై ఆరేళ్లు. మొదటి పదిహేనేళ్లూ ట్రాక్టరు టైర్లే నాకు కూడు పెట్టాయి. దూరాన ఉన్న కలకడ రైతులు కూడా ట్రాక్టరు తోలుకొచ్చి అంగడి ముందు నిలిపేసి, "నాగప్పా, నువ్వే సూసి ఏదో ఒగటి ఎయ్యి" అని టీ తాగడానికి పోయేవాళ్లు. అక్కర్లేని టైరు ఎవరికీ అంటగట్టడని నాకో పేరుండేది. ఆ పేరు తలుచుకుని రోజుకోసారైనా లోలోపల మీసం మెలేసుకునేవాణ్ణి.

తర్వాత మా వైపు ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు రావడం మొదలైంది. మామూలుగా రెండు చక్రాలే లాగుతాయి, ఒక లీవరు వేస్తే నాలుగూ లాగుతాయి. వీటికి టైర్లు మూడు రకాలు. హెచ్‌టీ అంటే హైవే టెర్రైన్, తారు రోడ్డుకు. ఎంటీ అంటే మడ్ టెర్రైన్, పెద్ద పెద్ద రబ్బరు దిమ్మెలతో బురదను తవ్వుకుంటూ పోయేది. రెంటికీ నడుమ ఏటీ, ఆల్ టెర్రైన్, అన్నిచోట్లా కాస్త కాస్త పనికొచ్చేది. ఫోన్లో ఫొటో చూపించి ఎంటీ కావాలనే కుర్రాళ్ల బండ్లు చాలావరకు బంకు ముందున్న గుంతలో తప్ప ఇంకెక్కడా బురద చూసేవి కావు. వాళ్లకు నచ్చజెప్పి హెచ్‌టీ వేసి పంపేవాణ్ణి.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు హేమలత అనే పశువుల డాక్టరమ్మ వచ్చింది. పుంగనూరులో ఉంటుంది, సొంతంగా ప్రాక్టీసు. సెకండ్ హ్యాండులో కొన్న ఫోర్ వీల్ డ్రైవ్ జీపు తనే నడుపుతుంది. మాట సూటిగా ఉంటుంది.

"అన్నా, దినామూ తారు రోడ్డే తిరుగుతా. వారానికొకసారి కుప్పం పోతా, ఆడ డెయిరీ ఫారాలుండాయి. కానీ చౌడేపల్లె పైన గుట్టకానుకుని కొన్ని ఇండ్లుండాయి. వాన పడితే ఆ దోవలో బండి ఎక్కదు. ఆవు ఈనలేక అవస్థ పడతాండాదని ఫోను వస్తే నేను పోయి తీరాల. ఏం టైరు ఏస్తావు?"

నేను వంగి చూశాను. వెనక రెండూ నున్నగా అయిపోయాయి. ముందు రెండు హెచ్‌టీలకు ఇంకా గాడులున్నాయి.

"నాలుగూ మార్చేద్దామా?" అంది.

"యాలమ్మా దండగ? ముందువి ఇంకో ఏడాది వస్తాయి. వెనక రెండూ ఎంటీలు ఏసుకో, ఎట్లాంటి బురదైనా తోసుకోని పోతుంది."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "ముందొక రకం, వెనకొక రకం ఉండొచ్చా?"

"ట్రాక్టరుకు ఉండేదేందమ్మా మరి?" అని నవ్వాను.

ఆమె అడగాల్సిన ప్రశ్నే అడిగింది. నేను దాన్ని నవ్వుతో కొట్టేశాను. మా వైపు టైర్లను జతలుగా కొనడం అలవాటు. ఈ ఏడు వెనక జత, వచ్చే ఏడు ముందు జత. ట్రాక్టరుకు పట్టు అంతా వెనకే కాబట్టి దిమ్మెలున్న టైరు వెనకే ఉండాలని నా చేతులకు పాఠమైపోయింది. పైగా రెండు టైర్లు అమ్ముకోగలిగి కూడా వద్దన్నానే, ఎంత నిజాయితీపరుణ్ణి అని నాకు నేనే ముచ్చటపడ్డాను.

నాలుగు వారాలు పోయాక పుంగనూరు నుంచి మెకానిక్ బాషా ఫోన్ చేశాడు. "నాగప్పన్నా, డాక్టరమ్మ జీపు నా షెడ్డులో ఉండాది. ఒకసారి రా. నీ కండ్లతో నువ్వే సూడు."

పోయేసరికి జీపు కింద నుంచి ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పి గోనెపట్టా మీద పరిచాడు. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచే పెట్టె అది. లోపల పళ్లు విరిగి ఉన్నాయి. బాషా నన్ను తిట్టలేదు. ఒక పన్ను తీసి నా చేతిలో పెట్టి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"లీవరు ఏసినాక ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకటే వేగంతో తిరగాలన్నా. నువ్వేమో ముందు అరిగిన హెచ్‌టీ పెట్టినావు, వెనక కొత్త ఎంటీ పెట్టినావు. సైజు నంబరు ఒకటే. ఎత్తు ఒకటా? చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరగాలంటాది, పెద్దది తక్కువ తిరుగుతానంటాది. బురదలో అయితే టైరు జారి సర్దుకుంటాది. తారు మీద యాడ జారుతుంది? ఆ గుంజులాటంతా దీని మీద పడింది."

ట్రాక్టరులో ముందు చక్రాలు బండిని తిప్పడానికే, లాగడానికి కాదు. మా ఊళ్లలోని చాలా ట్రాక్టర్లు అంతే. నేను ఇరవై ఆరేళ్లుగా చెబుతున్న మాట ఈ బండికి వర్తించదని, టైర్లు తన పని కాకపోయినా బాషాకు తెలిసింది, నాకు తెలియలేదు. తల కొట్టేసినట్టయింది.

కాసేపటికి డాక్టరమ్మే వచ్చి జరిగింది చెప్పింది. రెండు రోజుల కిందట మధ్యాహ్నం చౌడేపల్లె పైనున్న ఇండ్ల నుంచి గంగులమ్మ అనే ఆవిడ ఫోన్ చేసింది. ఒక్కటే ఆవు. నొప్పులు మొదలై చాలాసేపైంది, దూడ కాలు మడుచుకుని అడ్డం తిరిగింది. తుంపర పడుతోంది కదా, నాలుగు చక్రాలూ లాగితే భద్రమని డాక్టరమ్మ పుంగనూరు దాటగానే తారు మీదే లీవరు వేసింది. స్టీరింగు బిగుసుకుంటూ వచ్చింది. కింద నుంచి టపటపమని మోత. లీవరు తీద్దామంటే రాలేదు. మట్టి దోవలోకి తిరిగే మలుపులో పెద్ద చప్పుడైంది, ఆ తర్వాత బండి కదల్లేదు.

"సంచి భుజానికేసుకోని నడిచినానన్నా. మూడు కిలోమీటర్లు, ఎగువ. పోయేసరికి గంట దాటింది. ఆవు బతికింది. దూడ చచ్చిపోయి వచ్చింది. పెయ్యదూడ."

మా వైపు పాడి మీద బతికే ఇంట్లో పెయ్యదూడ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. రెండో ఆవు అన్నమాట. నేను క్షమించమని ఏదో గొణిగాను.

"తిట్టేకి నాకు టైము లేదు. ఇప్పుడు ఏం ఏస్తావో చెప్పు," అంది.

దోవ చూడకుండా చెప్పనన్నాను. జీపు బాగయ్యాక రెండు రోజులు ఆమె పక్కన కూర్చుని తిరిగాను. అంగడి పెట్టినప్పటి నుంచి నేను కస్టమరు బండిలో వాళ్ల దోవన పోయింది అదే మొదటిసారి. కుప్పం పోయి రావడానికి ఒక పగలంతా తారే. మరునాడు చౌడేపల్లె చుట్టూ పదకొండు ఇండ్లకు పోయాం. అందులో మట్టి దోవలన్నీ కలిపినా చాలా తక్కువ. అది కూడా లోతైన బురద కాదు. పైన జారే ఎర్రమట్టి, కింద రాయి, పక్కన గులకరాళ్లు. ఎంటీ తవ్వుకుంటూ పోవడానికి అక్కడ తవ్వే నేలే లేదు. పైగా వానలో తారు మీద బ్రేకు వేస్తే ఆ దిమ్మెలకు పట్టు తక్కువ. అంటే ఎంటీ అన్న సలహా కూడా తప్పే. ఆమె తన దారిలో అన్నింటికన్నా కష్టమైన చోటు చెప్పింది, నేను ఆ ఒక్కచోటికే టైరు ఎంచాను. దినామూ తారే అని ఆమె ముందే చెప్పినా చెవిన పెట్టలేదు.

రెండు ఎంటీలూ వెనక్కి తీసుకున్నాను. ఏటీలు, ఒకే కంపెనీ, ఒకే రకం, స్టెప్నీతో కలిపి ఐదు వేశాను. ఐదింటినీ వరసగా మారుస్తూ పోతే అన్నీ సమానంగా అరుగుతాయి. రాళ్ల దోవ ఎక్కే ముందు గాలి కొంచెం దించుకోవాలని, తారుకు వచ్చాక మళ్లీ నింపుకోవాలని చెప్పి, జీపులో సిగరెట్ లైటరు సాకెట్‌కు తగిలించే చిన్న గాలి పంపు ఇచ్చాను. తారు మీద లీవరు ముట్టుకోవద్దని కూడా చెప్పాను.

మొదటి పెద్ద వాన పడ్డాక ఆమె ఆ దోవనే పోతూ నన్ను పిలిచింది. జీపు గుట్ట ఎక్కింది. గంగులమ్మ ఇంటి ముందు దిగాం. ఆవు నెమరు వేస్తూ నిలబడి ఉంది. గంగులమ్మ నన్ను చూసి, "ఎవరమ్మా ఈయప్ప?" అని అడిగింది.

"టైర్లు ఏసేటాయన," అంది డాక్టరమ్మ. మిగతాది నేనే చెప్పాను. ఆ రోజు బండి ఆగింది నేను వేసిన టైర్ల వల్లేనని, తప్పు నాదేనని.

గంగులమ్మ జీపు వైపు చూసింది. "ఇప్పుడు సక్రంగా ఏసినావా?"

"ఏసినానమ్మా. ఇంక ఏం ఇబ్బంది రాదు."

"ఆ దినమూ ఇట్లే చెప్పింటావు గదప్పా."

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే తేలికయ్యేది. నేను జేబులోంచి సుద్దముక్క తీసి, ముందు చక్రం నేలకు ఆనినచోట టైరు మీద ఒక గీత, నేల మీద ఒక గీత గీశాను. డాక్టరమ్మ జీపును చక్రం ఒక చుట్టు తిరిగేదాకా మెల్లగా కదిలించింది. గీత మళ్లీ నేలకు ఆనినచోట ఇంకో గీత. టేపు తీయబోతే గంగులమ్మ ఆపింది.

"నాకు ఆ నంబర్లు తెల్దు. ఉండు."

లోపలికి పోయి గోడ మేకుకు వేలాడుతున్న సన్నని తాడు తెచ్చింది. కొత్త తాడు, ఒక చివర ఉచ్చు వేసి ఉంది. దూడకని పేనినదట. దాంతోనే కొలిచాను. ముందు చక్రం ఒక చుట్టు ఎంతదాకా పోయిందో అక్కడ ముడి వేసి, వెనక చక్రాన్ని కూడా అట్లాగే తిప్పి కొలిచాను. ముడి దగ్గరికే వచ్చింది. ఆమె వంగి, తానే వేలితో పట్టి చూసుకుంది.

"ఇంతేనా పని? ఆ దినం దీన్ని చేసింటే తెలిసిపోయేది గదా," అంది.

తెలిసిపోయేది. అంగడిలో సుద్దముక్కా ఉంది, టేపూ ఉంది. ఐదు నిమిషాల పని. నామీద నాకున్న నమ్మకం వల్ల చేయలేదు.

ఇప్పుడు నా అంగడికి ఏ ఫోర్ వీల్ డ్రైవ్ వచ్చినా ముందు వాళ్ల రోజువారీ దోవ మొత్తం చెప్పించుకుంటాను. బండి పోయే ముందు యజమాని చూస్తుండగా నాలుగు చక్రాలనూ తిప్పి కొలుస్తాను. కొందరు విసుక్కుంటారు, "నువ్వు చెప్తే సాలదా నాగప్పా" అంటారు. చాలదని చెబుతాను. నేను డాక్టరమ్మను మోసం చేయలేదు, మనసారా మంచే చెప్పాననుకున్నాను. మోసం చేసి ఉన్నా, దూడకని పేనిన ఆ తాడు గంగులమ్మ ఇంట్లో మేకుకే వేలాడేది, చేయకపోయినా మేకుకే వేలాడుతోంది.