బోర్డు వదిలి మా వైపు తిరిగిన మేడం

బతుకుతెరువుకి వచ్చిన పరాయి రాష్ట్రంలో, పర్వత్ పాటియా అనే పేటలో మా గది కిందే మగ్గాల కార్ఖానా. పొద్దస్తమానం నేల అదురుతూనే ఉంటుంది. ఆ గదిలో కూర్చుని, ఫోన్లో పాఠాలు వింటూ ఓపెన్ టెన్త్ పాసవ్వాలని పంతం పట్టాను. అప్పటికే లెక్కల్లో ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే చదువు ఊసెత్తనని ఇంట్లో మాటిచ్చాను. "నలభై దాటినంక నీకెందుకు బావా గీ సదువు?" అని బామ్మర్ది ఏడిపించినప్పుడల్లా ఒళ్లు మండేది.

లెక్కల మేడం ఎక్కడో తెలంగాణలో ఉండి చెప్పేవారు. బాగానే చెప్పేవారట! నాకు వినబడితే కదా. మగ్గాల మధ్య ఇన్నేళ్లుండి నా చెవులు మందగించాయి. ఆమేమో కెమెరాకు వీపు పెట్టి, బోర్డు మీద రాస్తూ మాట్లాడుకుంటూ పోయేవారు.

ఒకరోజు ఓపిక నశించి, క్లాసు మధ్యలో మైకు ఆన్ చేసి అరిచాను.

"మేడం, జర మా దిక్కు తిరిగి చెప్పుండ్రి! మా కార్ఖానాల ఒకల మాట ఒకలకు వినరాదు, మూతి చూసే సమజ్ చేసుకుంటం. మీ వీపు చూస్తే నాకేం తెలుస్తది?"

క్లాసులో అందరూ నవ్వారు. నాలుక కరుచుకున్నాను. మేడం మాత్రం నవ్వలేదు. సుద్దముక్క పక్కన పెట్టి, కెమెరా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగారు.

"గిట్ల చెప్తే తెలుస్తదా అన్నా?"

ప్రతి మాటా ఆమె పెదవుల మీద కనబడింది. ఎంత సంతోషమేసిందో!

ఆ రోజు నుంచి ఆమె రాస్తూ మాట్లాడలేదు. రాయడం ముగించి, ఇటు తిరిగి, అప్పుడు చెప్పేవారు. క్లాసు సాగినా విసుక్కోలేదు. తెర మీద నా మొహం చూసి, "సమజ్ కాలే గదా అన్నా, మళ్ల చెప్త" అనేవారు. చిన్నప్పుడు బడిలో నా ఎదురుగా నిలబడ్డ పంతుళ్లెవరూ నా మొహం అంత శ్రద్ధగా చూడలేదు.

ఫలితాలొచ్చిన రోజు పనిలో ఉన్నాను. మేడం వీడియో కాల్ చేశారు. చుట్టూ మోత విని, గొంతు కూడా ఎత్తకుండా పెదవులు కదిపారు.

"పాసయినవ్ అన్నా!"

నా కళ్లు నిండిపోయాయి. అవతలి కొసన మగ్గం ముందున్న బామ్మర్దికి చెయ్యి ఊపి, అదే మాట పెదవులతో చెప్పాను. వాడు ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత పక్కవాడి వైపు తిరిగి, నోరంతా తెరిచి "మా బావ పాసయిండు!" అన్నాడు. ఆ పక్కవాడు ఇంకొకడికి చెప్పాడు. ఆ మోతలో, ఒక్క మాటా వినబడకుండానే, నేను పాసైన సంగతి కార్ఖానా గేటు దాకా వెళ్లిపోయింది.