రాష్ట్రపతి గారి కంటే ముందు తిన్నాను

డాక్టరు చదువు చదివి, సర్కారు కొలువు తెచ్చుకుని, నేను చేసిన మొట్టమొదటి ముఖ్యమైన పని తినడం. హాస్యానికి చెప్పడం లేదు, కలెక్టరాఫీసు ముద్ర వేసి మరీ ఆర్డరు ఇచ్చారు. ఎనభైల్లో ఒక చలికాలం రాష్ట్రపతి కరీంనగర్ వచ్చి ఒక రాత్రి గెస్ట్‌హౌస్‌లో ఉంటారని, మర్నాడు మధ్యాహ్నం భోంచేసి వెళ్తారని కబురు వచ్చింది. ఆయన తినే ప్రతిదాన్నీ గంట ముందు ఒక డాక్టరు, ఒక ఫుడ్ ఇన్‌స్పెక్టరు రుచి చూడాలట. గంట గడిచాక ఇద్దరూ బాగానే ఉంటే డాక్టరు సంతకం పెడతాడు. ఆ సంతకం పడితేనే వంట బల్ల మీదికి పోతుంది. జిల్లా ఆసుపత్రిలో అందరికంటే చిన్నవాణ్ణి, పైగా పెళ్లి కానివాణ్ణి. నేను పోయినా పెద్దగా నష్టం లేదనుకున్నారో ఏమో, నా పేరే రాశారు.

వారం ముందు నుంచే గెస్ట్‌హౌస్ వీధి మారిపోయింది. గోడలకు సున్నాలు వేశారు, రోడ్డు పక్క రాళ్లకు రంగులు పూశారు. మున్సిపాలిటీ వాళ్లు కుక్కలన్నిటినీ బండెక్కించి ఊరి బయట వదిలితే, మూడో రోజుకల్లా సగం తిరిగి వచ్చేశాయి. చుట్టుపక్కల ప్రతి డాబా మీదా ఒక కానిస్టేబుల్ కాపలా. ఎదురింటి ముసలమ్మ జొన్నలు ఎండబోసుకున్న డాబా మీదికి కూడా ఒకతను తుపాకీతో ఎక్కాడు. ఆమె కిందినుంచే పని అప్పగించింది. "ఎట్లయినా నిలవడే ఉంటవు గద బిడ్డా, జర పిట్టలను గూడ ఎల్లగొట్టు." అతను వెళ్లగొట్టాడు కూడా. ఇక గేటు దగ్గర పాసు లేనిదే ఎవరినీ రానివ్వలేదు. ఒక పూట నేనే పాసు మరిచిపోయి ముప్పావుగంట బయట నిలబడ్డాను. నేను రుచి చూస్తే గాని పెద్దాయనకు అన్నం లేదని ఎంత చెప్పినా కాపలా కానిస్టేబుల్ నమ్మలేదు.

గెస్ట్‌హౌస్ వంటాయన్ని అందరూ చాచా అనేవాళ్లు. అక్కడ ముప్పై ఏళ్లుగా వండుతున్నాడు. ఈసారి మాత్రం వంటవాళ్లు రాష్ట్రపతి వెంటే వస్తారని, గిన్నెలు అందిస్తే చాలని అధికారులు చెప్పారు. చాచా ఊరుకోలేదు. తెల్ల లాల్చీ తొడుక్కుని నేరుగా కలెక్టరు ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"మా జిల్లాకు వచ్చి మా చేతి ముక్క ఒక్కటి తినకుంట పోతే మాకు ఇజ్జత్ ఉంటదా సారు?"

కలెక్టరు ఒక్క వంటకానికి ఒప్పుకున్నాడు. చాచా క్షణం ఆలోచించకుండా సర్వప్ప అన్నాడు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ కలిపి, సర్వ అనే గుండ్రటి గిన్నె లోపల పలచగా అద్ది, నూనె పోసి సన్నని సెగ మీద కాలుస్తారు. మా ఖానాపూర్‌లో మా అవ్వ కూడా చేసేది.

రుచి చూడటానికి నేను వచ్చానని తెలిసేసరికి చాచాకు కోపం నషాళానికి అంటింది.

"ముప్పై ఏండ్ల సంది వండుతున్న. నా చేతి కూడు తిని ఒక్కడన్న సచ్చిండా?"

"లేదు చాచా, నీ మీద అనుమానం కాదు. రూలు గట్లున్నది."

"గంట ఆగితే సర్వప్ప చల్లారి చెక్క అయితది. పెద్దాయనకు చెక్క పెడ్తరా?"

ఆ మాటా నిజమే. నేనో ఉపాయం చెప్పాను. పిండి ఒక్కసారే కలపాలి. అందులోంచి రెండు సర్వప్పలు ముందు కాలిస్తే మేం రుచి చూస్తాం. మిగతా పిండి ఫుడ్ ఇన్‌స్పెక్టరు కళ్లెదుటే ఉంటుంది, గంట దగ్గర పడ్డాక కాలిస్తే వేడివేడిగా పోతుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన భద్రతాధికారి కూడా సరేనన్నాడు. చాచా ముఖం విప్పారింది. "డాక్టర్ సాబుకు దిమాగున్నది" అని మెచ్చుకున్నాడు. నాకున్నది దిమాగు కాదు, ఆకలి. ఏడాదిగా బస్టాండు దగ్గరి హోటల్లో నీళ్ల పప్పు తింటున్నవాణ్ణి, ఆ ఉదయం అది కూడా తినలేదు.

సరిగ్గా పన్నెండింటికి రెండు సర్వప్పలనూ కలిపి ఎనిమిది ముక్కలు చేసి పళ్లెంలో పెట్టాడు. చెరొక ముక్క తిని, మిగతావి నమూనాగా దాచాలని ఆర్డరులో స్పష్టంగా ఉంది. ఇన్‌స్పెక్టరు తన ముక్క తిని మూతి తుడుచుకున్నాడు. నేను నా ముక్క తిన్నాను. అంచు కరకరలాడింది, మధ్యలో మెత్తగా, పల్లీ పంటికింద పడి, కారం నెమ్మదిగా నాలుకకెక్కింది. సరిగా పరీక్షించానా అని అనుమానం వచ్చి రెండోది తిన్నాను. మూడోదానికి ఏ కారణం చెప్పుకున్నానో గుర్తులేదు. నాలుగు నుంచి కారణాలు వెతకడం మానేశాను. చాచా పొయ్యి దగ్గర కూర్చుని అంతా చూస్తూనే ఉన్నాడు.

పన్నెండున్నర దాటాక కడుపులో మెలిపెట్టింది. అటూ ఇటూ నడిచాను, నీళ్లు తాగాను, తగ్గలేదు. చలికాలంలో చెమటలు పట్టాయి. ఇది తిండి ఎక్కువైన నొప్పేనని నూటికి తొంభై తొమ్మిది పాళ్లు నాకు తెలుసు. ఆ మిగిలిన ఒక్క పాలు నన్ను సంతకం పెట్టనివ్వలేదు. చాచా అప్పటికే రెండో విడత పిండి అద్దుతూ కూనిరాగం తీస్తున్నాడు. అటు చూడలేక, తల వంచుకునే వెళ్లి భద్రతాధికారికి నొప్పి సంగతి చెప్పాను.

రెండు నిమిషాల్లో వంటగది నిండిపోయింది. పొయ్యి ఆర్పించారు. పిండికి మూత పెట్టి కట్టేశారు. చాచాను ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, పక్కన కానిస్టేబుల్‌ను నిలబెట్టారు. భద్రతాధికారి ఖాళీ పళ్లెం చేతిలోకి తీసుకున్నాడు.

"ఎనిమిది ముక్కల్లో ఆరు నమూనాకు మిగలాలి. ఏవి? తిన్న డాక్టరుకు నొప్పి వచ్చింది, మిగిలినవి మాయమయ్యాయి. ఎక్కడ పారేశావ్?"

చాచా ఒక్కసారి నావైపు చూసి, చూపు నేల మీదికి దించుకున్నాడు. ఇన్‌స్పెక్టరు పైకప్పు పరిశీలించసాగాడు. కలెక్టరు, ఎస్పీ, మా పెద్ద డాక్టరు అందరూ గుమ్మంలోనే ఉన్నారు. ఇంకొక్క ప్రశ్న అడిగితే ముసలాయన్ని స్టేషనుకు తీసుకుపోతారని అర్థమైంది.

"అవి నేనే తిన్న సార్" అన్నాను.

"ఎన్ని?"

"ఏడు."

ముందుగా నవ్వింది ఎస్పీ. మా పెద్ద డాక్టరు వచ్చి నా పొట్ట నొక్కి చూసి, "విషమేం కాదు, కక్కుర్తి" అని అందరి ముందే రోగనిర్ణయం చేశాడు. కానిస్టేబుల్ చాచా పక్కనుంచి జరిగాడు. కానీ రూలు రూలే. సంతకం లేదు కాబట్టి సర్వప్ప బల్ల మీదికి పోలేదు. రాష్ట్రపతి గారు, తమ వెంట వచ్చినవాళ్లు వండి తమ డాక్టరే సంతకం పెట్టిన భోజనం తిని, అందరికీ నమస్కారం పెట్టి, మూడింటికి వెళ్లిపోయారు. ఆ బల్ల మీద తన ముక్క పడాలని ముసలాయన ఎంత ఆశపడ్డాడో నాకు తెలుసు. నా నోటి కోసం ఆ ఆశను మింగేశాను.

కాన్వాయ్ వెళ్లాక చాచా ఆ మిగిలిన పిండినే కాల్చి, తెల్లారినుంచి నిలబడి ఉన్న కానిస్టేబుళ్లకు పెరట్లో పెట్టడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం వాము నీళ్లు కాచి ఇచ్చాడు. గ్లాసు పట్టుకుని ఆయన పక్కనే కూర్చున్నాను.

"చాచా, వాళ్లు గంత గట్టిగ అడుగుతుంటే డాక్టరే తిన్నడని ఎందుకు చెప్పలే?"

ఆయన గిన్నెలోంచి సర్వప్పను అట్లకాడతో జాగ్రత్తగా లేపుతూ, నావైపు చూడకుండానే అన్నాడు.

"నా పొయ్యి కాడ కూసోని తిన్నరు మీరు. ఎన్ని తిన్నరో మందికి నేను లెక్క జెప్తనా సారు?"