చదవకుండా పెట్టిన దండం

అంబాజీపేట కొబ్బరికాయల కొట్టులో గుమస్తా మాణిక్యాలరావుకి మర్యాద ఒక జబ్బు. వీధి వాట్సాప్ గ్రూపుకి ఆయనే అడ్మిన్. పుట్టినరోజు కబురైనా, కరెంటు కోతైనా, ఎవరేం పెట్టినా కింద ఒక దండం బొమ్మ పెట్టాల్సిందే. లేకపోతే అవతలివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని బెంగ. చదివే తీరిక మాత్రం ఏనాడూ లేదు.

ఆ అలవాటే కొంప ముంచింది. మస్కట్‌లో పనిచేస్తున్న ఆ వీధి కుర్రాడు నాగదుర్గాప్రసాద్ ఓ పొద్దున్న గ్రూపులో పెట్టాడు: "పార్వతి టిఫిన్ల కొట్లో కుళ్ళు కొబ్బరితో చట్నీ చేస్తున్నారు, పిల్లలకి వాంతులు." మాణిక్యాలరావు లారీ లోడు చూసుకుంటూనే దండం కొట్టేశాడు. పార్వతికి కాయలిచ్చేది ఆయనే. ఆయనే దండం పెట్టాక ఇంకా అనుమానమేముంది? దాని కింద ఒకరిని చూసి ఒకరు పార్వతిని నోటికొచ్చినట్టు తిట్టారు. ఎదురుపడితే "అండీ" లేకుండా మాట్లాడని జనమే!

సాయంత్రం భార్య మంగాయమ్మ అడిగింది. "ఏవండీ, ఆ కొబ్బరి మాట నిజమేనా? మీరు కూడా దండం పెట్టేరు కదా. పాపం, ఆ పిల్ల ఇడ్లీలన్నీ కాలవలో పారబోసుకుందంట."

ఆయన అప్పుడు ఫోను తెరిచి ఆ కబురు చదివాడు. మొగుడు పోయాక ఆ కొట్టే పార్వతికి ఆధారం. కాయ ఊపి, నీళ్ళ చప్పుడు విని మరీ ఏరి ఇచ్చేది తనే. వెంటనే మస్కట్‌కి ఫోన్ చేశాడు.

"నీకెవరు చెప్పేర్రా?"

"ఎవరో పంపితే పెట్టేను బాబాయ్. తర్వాత మీరు దండం పెట్టేరు కదా, నిజమే అనుకున్నాను."

అన్నం సహించలేదు. డిలీట్ చేస్తే? చూసిన కళ్ళనేం చేస్తాడు? ఒప్పుకుంటే వీధిలో తలెత్తుకోవడమెలా? పార్వతి కొట్టు మూసేస్తే ఆ పాపం ఎవరిది? తెల్లవారాక ఇక ఉండబట్టలేక రాశాడు: "నేను చదవకుండా దండం పెట్టాను. పార్వతికి నేనిచ్చేవి మంచి కాయలు. తప్పు నాది. తిట్టినవాళ్ళు కూడా మాట వెనక్కి తీసుకోండి."

కాస్త ఊపిరి పీల్చుకుని పార్వతి కొట్టుకి వెళ్ళాడు. పొయ్యి మండుతోంది. బల్లలు ఖాళీ.

"గ్రూపులో అంతా చెప్పేసేనమ్మా. చూసేవా?"

"నేను ఆ గ్రూపులో లేనండి బాబాయిగారూ. ఏదో రాసేరని తెలుస్తుంది గానీ, ఏం రాసేరో ఎవరూ చెప్పట్లేదు."

పార్వతి చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"చదవండి. మొదట్నించీ చదవండి, వింటాను."

మాణిక్యాలరావు కళ్ళజోడు పెట్టుకుని ఫోను తెరిచాడు. మొదటి తిట్టు దగ్గరే ఆగిపోయాడు.

"ఆపకండి," అంది పార్వతి.