మంచు వద్దని చేసిన ప్రార్థన

ఈ ఉదయం గరాజ్‌లో ఓ పాత డబ్బా మూత తీయగానే, మంచు మీద జారే స్కీల అడుగున రుద్దే మైనం వాసన గుప్పుమంది. మన నేపర్‌విల్ తెలుగు చర్చి సండే స్కూల్ బ్యాచ్‌కి ఆ వాసన గుర్తుందా? మంచు బాగా పడిన శనివారం మా డాడీ మనందరినీ వ్యాన్‌లో ఎక్కించుకుని అడవి దారిలో స్కీయింగ్‌కి తీసుకెళ్లేవారు. మంకీ క్యాప్ పెట్టుకుని, గొంతెత్తి తెలుగు కీర్తనలు పాడుతూ అందరికంటే ముందు సాగేవారు. ఎదురొచ్చిన నా క్లాస్‌మేట్స్ నవ్వితే నాకు తల కొట్టేసినట్టుండేది.

మీకెవరికీ చెప్పలేదు గానీ, శుక్రవారం కుటుంబ ప్రార్థనలో కళ్లు మూసుకుని, "ప్రభువా, రేపు స్నో పడకూడదు" అని మనసులో వేడుకునేదాన్ని. అయినా తెల్లారేసరికి వాకిలంతా తెల్లగా ఉండేది.

ఇప్పుడు జనవరి, అయినా బయట మంచు లేదు, వాన. పోయిన చలికాలమూ ఇంతే. డాడీ మనవరాలికి కొన్న స్కీలకు లేబుల్ కూడా ఊడలేదు. ఆయన కిటికీ తెర పక్కకు జరిపి, "ఏమ్మా, రేపైనా పడుద్దంటావా?" అని నన్నడిగారు.

"తాతా, ప్రే చేద్దామా?" అంది నా కూతురు.

ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. ఒకప్పుడు మంచు వద్దని వేడుకున్న నాకు మాత్రం మూసుకునే ధైర్యం చాలలేదు.