జున్ను ఎడమకాలు

నల్లగండ్లలో ఒక పెద్ద అపార్టుమెంటు గేటు దగ్గర ఓదెలు ఆరేళ్లుగా రాత్రి డ్యూటీ చేస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. లోపల ఉండేవాళ్లకు అతను కార్లు గుర్తుపట్టి గేటు తీసే వాచ్‌మన్, అంతే. అంతకు ముందు పెద్దపల్లి దగ్గర తన ఊళ్లో ముప్పై ఏళ్లు ఎడ్లకు లాడాలు కొట్టాడని వాళ్లెవరికీ తెలియదు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గిపోయాక భార్య బాలమ్మతో పట్నం వచ్చేశాడు. బాలమ్మ కొండాపూర్‌లో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది.

అపార్టుమెంటు ప్రహరీని ఆనుకుని ఇనుప కంచె, కంచె వెనక గుర్రపు స్వారీ నేర్పే స్థలం. దాన్ని నడిపేది రసజ్ఞ. కాకినాడ అమ్మాయి. తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, విసుగెత్తి మానేసి, ఐదు గుర్రాలతో ఈ బడి పెట్టుకుంది. వాటిలో లేత పసుపు రంగు ఆడగుర్రం జున్ను. మొదటిసారి గుర్రమెక్కి వణికిపోయే ఉద్యోగులందరినీ ముందు మోసేది అదే.

ఆ మంగళవారం ఉదయం జున్ను కుంటడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరు వాసంతి ఆ రోజు వేరే ఊళ్లో ఉంది. రసజ్ఞ పంపిన వీడియో చూసి, భుజం పట్టేసి ఉంటుంది, నడిపించకుండా ఉంచి నొప్పి మందు రాయమంది. నాలుగు రోజులు గడిచాయి. కుంటు తగ్గలేదు సరికదా, జున్ను మేత కూడా సగం వదిలేస్తోంది.

ఓదెలు కంచె ఇవతలి నుంచి రోజూ చూస్తున్నాడు. తనకెందుకులే అనుకున్నాడు మొదట. శనివారం ఉదయం ఎనిమిదింటికి డ్యూటీ దిగి బస్సు వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి కంచె తలుపు దగ్గరికి వెళ్లాడు.

"మేడం, ఏమనుకోకుండ్రి. నొప్పి భుజంల లేదు, గిట్టల ఉన్నది."

రసజ్ఞ యూనిఫాంలో ఉన్న ఆ మనిషిని ఎగాదిగా చూసింది. "డాక్టరుగారు భుజం అన్నారండీ. మీకెలా తెలుసు?"

"ఎడ్లకు లాడాలు కొట్టినోణ్ని. జర ఇటు గట్టి నేల మీద నాలుగడుగులు నడిపియ్యుండ్రి."

ఆమె నడిపించింది. ఓదెలు జున్ను తలను చూడమన్నాడు. ఎడమ ముందుకాలు నేలకు తగిలిన ప్రతిసారీ తల పైకి లేస్తోంది. కుడికాలు పడ్డప్పుడు కిందికి దిగుతోంది. నొప్పి ఉన్న కాలు మీద బరువు పడకుండా గుర్రం తలతో కాచుకుంటుందని చెప్పాడు. మెత్తటి ఇసుకలో కాస్త నయంగా నడిచి, సిమెంటు మీదికి రాగానే ఎక్కువ కుంటింది. అది చూపించి, వంగి రెండు ముందు గిట్టల మీదా చేతులు పెట్టాడు.

"మీరు గూడ పెట్టి చూడుండ్రి అమ్మా."

కుడి గిట్ట చల్లగా ఉంది. ఎడమది పొయ్యి పక్కన పెట్టిన ఇటుకలా వెచ్చగా ఉంది. గిట్టకు పైన, కాలి వెనక పక్క అతను చూపించిన చోట రసజ్ఞ వేళ్లు ఆనించింది. నాడి దబదబ కొట్టుకుంటోంది. కుడికాలికి వెతికితే గానీ దొరకలేదు. నాలుగు రోజులుగా తాను భుజానికి మందు రాస్తూ కూర్చున్నానని తలుచుకుని ఆమె కళ్లు తిప్పుకుంది.

ఫోన్ చేసి ఓదెలు చెప్పిందంతా చెబితే, ముందు రోజే ఊరి నుంచి తిరిగొచ్చిన వాసంతి పదకొండింటికల్లా మూసాపేట నుంచి వచ్చింది. పెద్ద పటకారు లాంటి పనిముట్టుతో గిట్టను చుట్టూ కొంచెం కొంచెంగా నొక్కుతూ పోయింది. లోపలి వైపు మూడో మేకు దగ్గర నొక్కగానే జున్ను కాలు లాక్కుంది. మళ్లీ నొక్కితే మళ్లీ అక్కడే.

"లాడాలు ఎప్పుడు వేయించారు?"

"పదకొండు రోజులైందండీ."

"మేకు లోపలి మెత్తని కండకు దగ్గరగా పోయింది. చీము పట్టింది. వీడియో చూసి చెప్పడం నా పొరపాటు," అని వాసంతి ఓదెలు వైపు తిరిగింది. "మేకులు మీరు తీస్తారా? మీ చేతికి అలవాటున్న పని."

జున్ను కాలు తన మోకాళ్ల మధ్య పెట్టుకుని ఓదెలు ఒక్కో మేకూ విడిగా తీశాడు. లాడాన్ని ఒక్కసారే పెరికితే గుర్రం ఆ నొప్పి తట్టుకోలేదు. రెండు మేకులు శుభ్రంగా వచ్చాయి. మూడోది నల్లగా, తడిగా వచ్చింది. లాడం తీసేశాక వాసంతి ఆ రంధ్రాన్ని సన్నటి కత్తితో కొద్దికొద్దిగా గీకింది. బూడిద రంగు చీము బయటికి వచ్చింది. ఆ కంపుకు రసజ్ఞ ముక్కు మూసుకుంది. ఓదెలు మాత్రం హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. వాసంతి ధనుర్వాతం రాకుండా ఇంజక్షన్ ఇచ్చి, రోజుకు రెండుసార్లు ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లలో గిట్ట నానబెట్టి, మందు పట్టించి, పసిపిల్లల డైపరు చుట్టి పైన గట్టి టేపు వేయమంది.

జున్ను కాలు బకెట్లో పెట్టించి నిలబడ్డప్పుడు రసజ్ఞ కోపం బయటపడింది. "ఆ లాడాలు వేసిన శివని ఇంక లోపలికి రానివ్వను. గుర్రాలున్న పదిమందికి ఫోన్ చేసి చెప్తాను."

ఓదెలు బకెట్ వైపే చూస్తూ చెప్పాడు.

"మా ఊళ్లె ఓబులమ్మ అని ఉండె. మొగడు లేడు. రెండెడ్లు, ఎకరన్నర. ఒకదానికి నేను కొట్టిన మేకు గిట్లనే లోపలికి పోయింది. కొట్టంగనే నా చేతికి తెలిసింది. చప్పుడు మారుతది గద. మూడో రోజు కుంటుతున్నదని ఆమె వచ్చింది. రాయి తగిలిందేమో అన్న."

"అప్పుడైనా తీయలేదా?"

"తీస్తే నా తప్పని తెలుస్తది. పేరు పోతదని భయం. వారానికి కాలు మొత్తం వాచింది. ఇగ అది కాడికి పనికిరాలే. అమ్మితే కటికోని కోతకు పోతదని ఆమె నాలుగేండ్లు ఊకెనే మేపింది. నేను కనిపిస్తే పిలిచి చాయ పోసేది. ఆమెకు ఎప్పటికీ తెల్వలే." చేత్తో నీళ్లు తీసి జున్ను కాలి మీద పోశాడు. "శివను తిట్టుండ్రి అమ్మా, తిట్టద్దనను. కాని పిలిచి మేకు చూపెట్టుండ్రి. చూపెట్టకుంటే ఇంకో గుర్రానికి గిదే చేస్తడు."

రసజ్ఞ నీళ్లు చల్లారాయని వేడినీళ్లు తెచ్చి పోసింది.

ఆ రోజు నుంచి ఓదెలు ఉదయం డ్యూటీ దిగాక ఒకసారి, సాయంత్రం డ్యూటీ ఎక్కే ముందు ఒకసారి వచ్చి కట్టు మార్చాడు. నిద్ర సగమైపోయింది. "గుర్రానికి కాలు నొస్తె నీ కండ్లెందుకు ఎర్రగైనయి?" అని బాలమ్మ కసిరింది. ఆదివారం తనే వెంట వచ్చి, జున్ను నిలబడే చోట తడి గడ్డి అంతా ఊడ్చి పొడి రంపపు పొట్టు పరిచింది. పుండున్న కాలు బురదలో ఉంటే ఎట్ల మానుతదని రసజ్ఞను కూడా కాస్త గదమాయించింది.

మూడో రోజుకే జున్ను ఆ కాలు మీద బరువు వేసింది. ఆరో రోజున డైపరుకు చీము అంటలేదు. రంధ్రం పూర్తిగా ఎండే దాకా ఆగి, మూడో వారంలో రసజ్ఞ శివను పిలిపించింది. ముప్పై ఏళ్లుంటాయి. తన తప్పు కాదని వస్తూనే మొదలుపెట్టాడు.

"నేను సక్కగనే కొట్టిన కాకా. గుర్రమే కదిలింది."

"కదులుతది," అన్నాడు ఓదెలు. "కదిలినంక మేకు గుంజి మళ్ల కొట్టాలె. నువ్వు గుంజలే. నేను గూడ గుంజలే ఒకసారి."

దాచి ఉంచిన మేకు అతని చేతిలో పెట్టాడు. శివ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి, ఆ రోజు మూడు చోట్ల పని ఒప్పుకుని తొందరపడ్డానని చెప్పాడు. తర్వాత ఇద్దరూ కలిసి జున్నుకు కొత్త లాడం వేశారు. చెడ్డ రంధ్రం ఉన్న చోట మేకు లేకుండా వదిలేశారు. శివ కొడుతుంటే ఓదెలు పక్కన నిలబడి ప్రతి దెబ్బా విన్నాడు.

మర్నాడు జున్ను పరుగు నడకలో రెండు చుట్లు తిరిగింది. తల ఎక్కడా ఎగరలేదు. రసజ్ఞ దాని మెడ మీద ముఖం ఆనించి అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఓదెలు గేటు డ్యూటీ మానేశాడు. రసజ్ఞ దగ్గర పనికి కుదిరి రోజూ ఉదయం ఐదు గుర్రాల గిట్టలూ చూస్తాడు. స్వారీకి వచ్చినవాళ్లు జీను వేసే ముందు నాలుగు గిట్టలూ శుభ్రం చేసి, చేయి పెట్టి వేడి చూడాలని పట్టుబట్టాడు. నిన్న ఒక టీమ్ లీడర్, తొమ్మిదింటికి మీటింగుందని గడియారం చూసుకుంటూ జున్ను కాలు ఎత్తబోయాడు. కాలు లేవలేదు.

"ముంగటికొచ్చి గుంజకు సార్," అన్నాడు ఓదెలు. "పక్కకు నిలబడు. దాని భుజం మీద చెయ్యి పెట్టి కాలెంబడి కిందికి తెచ్చుకో. అది తనే ఇస్తది."

అతను అలాగే చేశాడు. జున్ను కాలు ఇచ్చింది.